సిస్టరమ్మ బుధవారాలు

ఎదుటి మనిషి ఏడుస్తుంటే గ్లాసుతో మంచినీళ్లు అందించడం సాయమా, లేక ఇక చాలు ఆపమని చెప్పడమా? సిస్టరమ్మ గురించి ఎవరికి చెప్పబోయినా ముందుగా ఈ ప్రశ్న దగ్గరే కాలు ఆగుతుంది. ఇంత వయసు వచ్చినా నాకు దీనికి జవాబు దొరకలేదు. ఇక దొరుకుతుందన్న ఆశ కూడా లేదు.

సిస్టరమ్మ ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రి మగవాళ్ల వార్డులో నర్సుగా చేసింది. ఉద్యోగం అయిపోయినా పిలుపు మాత్రం పోలేదు. పాలవాడి దగ్గర్నుంచి కింది వాటా పిల్లల దాకా అందరికీ ఆమె సిస్టరమ్మే. పొట్టి మనిషి, వడివడి నడక. మంచం మీది మనిషి మూలిగేలోపే దిండు సర్దేసే చేతులు. పెళ్లి చేసుకోలేదేమని అడిగినవాళ్లకు, "షిఫ్టులు కుదరలేదమ్మా" అని చెప్పి ఊరుకునేది.

రిటైరయ్యాక నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. గోడలు తుడిచింది, తుడిచినవే మళ్లీ తుడిచింది. ఆ తర్వాత తన వయసులో సగం కూడా లేని పిల్లలతో కలిసి ఏడాది పాటు కౌన్సెలింగ్ శిక్షణకు వెళ్లి, చేత సర్టిఫికెట్ పట్టుకుని, క్లినిక్ నడిపే డాక్టరు ముందు నిలబడింది. ఆ డాక్టరు ఒకప్పుడు ఆమె వార్డులో సూది వేయడం నేర్చుకున్నవాడే.

"మంచంలో ఉన్నవాళ్లకి మీరున్నారు, మందులున్నాయి. మంచం పక్కన కూర్చునేవాళ్లకి ఎవరున్నారు డాక్టరుగారూ?" అని అడిగింది.

ఆయన మేడమీద పాత ఫైళ్లు ఉండే గది ఖాళీ చేయించి ఇచ్చాడు. ఏడు ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగేటప్పుడు టకటకలాడే ఫ్యాను, రోడ్డువైపు ఒక కిటికీ. ఇంట్లో లేవలేని మనిషిని చూసుకునేవాళ్లు బుధవారం మూడింటికి అక్కడ చేరి గుండ్రంగా కూర్చునేవారు. ఆ గదిలో మాట గదిలోనే ఉండాలన్నది వాళ్ల కట్టుబాటు. అత్తగారికి మతి తప్పిన టైలరమ్మ, పరంజా మీంచి పడ్డ తమ్ముడిని మోస్తున్న బస్సు డ్రైవరు, పక్షవాతం వచ్చిన భార్యను చూసుకుంటున్న గడియారాల మేస్త్రి, వీళ్లు ముగ్గురూ ఒక్క వారమూ తప్పేవారు కారు. మిగతావాళ్లు వస్తూ పోతూ ఉండేవారు.

రెండేళ్లు గడిచాయి. ఒక బుధవారం డాక్టరు వచ్చి మూల కూర్చున్నాడు. గంటన్నరసేపు కాగితం మీద ఏవో గీతలు గీశాడు. అందరూ వెళ్లాక ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. కుర్చీకొక చుక్క, ఎవరు ఎవరితో మాట్లాడితే ఆ ఇద్దరి మధ్య ఒక గీత. గీతలన్నీ వచ్చి సిస్టరమ్మ చుక్కకే తగులుకున్నాయి. పక్క పక్క చుక్కల మధ్య ఒక్క గీతా లేదు.

"సైకిలు చక్రంలా ఉంది కదూ" అన్నాడు డాక్టరు. "మీరు నడిపేది గ్రూపు కాదు సిస్టరమ్మా, వార్డు రౌండు. నిద్ర పట్టిందా, తిన్నారా అంటూ ఒక్కొక్కరినీ మీరే అడుగుతారు, మందు కూడా మీరే చెప్తారు."

"వాళ్లు నన్నే అడుగుతుంటే ఏం చేయను మరి?"

"చెప్పకండి."

ముప్పై ఏళ్లలో ఆమెను ఆ మాట అన్న డాక్టరు లేడు. ఇంతకీ ఆయన ఊరికే అనలేదు. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. వేరే ఊళ్లో ఉన్న చెల్లెలు, "ఇక ఆ మూడంతస్తులు ఎక్కింది చాలక్కా, వచ్చెయ్" అని పోరుపెట్టి మాట తీసుకుంది. మిగిలింది ఎనిమిది బుధవారాలు. ఆమె తర్వాత కూర్చునే మనిషి క్లినిక్‌లో లేరు.

"ఈలోగా వాళ్లంతట వాళ్లు నడుపుకోగలిగితే గది వాళ్లదే" అన్నాడు డాక్టరు. "లేకపోతే ఎక్స్‌రేవాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

మొదటి బుధవారం సిస్టరమ్మ అందరిలోకీ ముందొచ్చి కూర్చుంది. విషయం దాచకుండా చెప్పేసింది: ఎప్పుడు వెళ్తున్నదీ, గది ఏమవుతుందన్నదీ. తర్వాత ఇంకేమీ అడగలేదు. ఫ్యాను టకటకలాడింది. డ్రైవరు కాసేపు గోళ్లు చూసుకున్నాడు.

"ఏంటి సిస్టరమ్మా, గొంతు పట్టేసిందా?"

"లేదు నాయనా, బాగానే ఉంది."

"మరి అడగరేం? వరసగా అడుగుతారుగా."

"ఇవాళ మీలో ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నా."

"మేమేం అడుగుతాం? ఆ చదువులు మాకెక్కడివి?"

చివరికి టైలరమ్మే జాలిపడినట్టు డ్రైవరు వైపు తిరిగింది. "అన్నా, తిన్నావా?"

"తిన్నా."

"అయితే సరే."

"ఇంతేనా? దీనికి చదువెందుకు" అన్నాడు డ్రైవరు. మేస్త్రి తప్ప అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వేవాడు కాదు, మాట్లాడేవాడూ కాదు. ఏడు నెలలుగా ఎలా ఉన్నారంటే "పర్వాలేదండీ" అనడమే ఆయన చెప్పిన కబురు.

మూడో బుధవారం టైలరమ్మ ఏడ్చింది. పద్నాలుగేళ్లుగా తన చేతి అన్నం తిన్న అత్తగారు నిన్న తనను గుర్తుపట్టక, దొంగదానా నా చీరలెక్కడ అంటూ జుట్టు పట్టుకుందట. ఎప్పుడూ అయితే మొదటి వెక్కిళ్లకే సిస్టరమ్మ నీళ్లు అందించేది. టైలరమ్మ తాగి, "సర్లేండి" అని మాట మార్చేసేది. ఆ రోజు సిస్టరమ్మ తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. ఆ చేతులు ఎవరివో అన్నట్టు గింజుకున్నాయి. గదిలో ఎవరూ కదల్లేదు. ఆ ఏడుపు సాగి సాగి, ఇక వినలేక డ్రైవరే లేచి నీళ్లు పోసి ఇచ్చాడు.

"రాయిలా కూర్చుంటారేంటండీ?" అని సిస్టరమ్మ మీద కసిరాడు. "మీ డాక్టరు ఇదేనా నేర్పింది?"

టైలరమ్మ మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. మరుసటి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. సిస్టరమ్మకు అన్నం సహించలేదు. చెప్పులు వేసుకుని కుట్టు దుకాణం వీధి మొగదాకా వెళ్లింది. వెళ్లి బతిమాలితే ఆమె వస్తుంది, సందేహం లేదు. కానీ వచ్చేది తన కోసం వస్తుంది. తను వెళ్లిపోయాక? అక్కడే కాసేపు నిలబడి, పక్క కొట్లో అక్కర్లేని సబ్బు ఒకటి కొనుక్కుని వెనక్కొచ్చేసింది.

ఆరో బుధవారం టైలరమ్మ వచ్చింది. వెనకే డ్రైవరు.

"ఈయన పోరు పడలేక వచ్చానండీ" అంటూనే కూర్చుంది. "ఒక్క దిండు గలీబుకి నాలుగు సార్లు వచ్చాడు. ఒకసారి పెద్దదయిందంటాడు, ఇంకోసారి చిన్నదయిందంటాడు."

"దిండు మారింది మరి, నన్నేం చేయమంటావు?"

"నీకున్నది ఒక్క దిండేనని మీ తమ్ముడే చెప్పాడులే ఫోన్లో."

డ్రైవరు తల గోక్కున్నాడు. టైలరమ్మ సిస్టరమ్మ వైపు తిరిగింది. "ఆ రోజు ఎందుకట్లా ఊరుకున్నారు?"

"నేను నీళ్లిస్తే నువ్వు ఆపేస్తావు. రెండేళ్లుగా అదే చేస్తున్నావు."

"ఆపడానికే తాగుతానమ్మా. ఇంటికెళ్లి వంట చేయొద్దూ?"

మళ్లీ టైలరమ్మే, "కానీ ఆ రోజు ఇంటికెళ్లాక మిగిలింది అత్తయ్య పక్కన కూర్చుని ఏడ్చేశా. ఆవిడ నా తల నిమిరింది. దొంగదనుకునే నిమిరింది, అయినా నిమిరింది" అంది. చెబుతూ చెబుతూ నవ్వేసింది. ఆ నవ్వు చూసి గడియారాల మేస్త్రి మొదటిసారి తలెత్తాడు.

ఎనిమిదో బుధవారం వచ్చింది. గ్రూపు నడిపిన మనిషి వెళ్లేటప్పుడు చివరి అరగంట వీడ్కోలుకే ఉంచాలని శిక్షణలో చెప్పారు. సిస్టరమ్మ ఒక్కొక్కరికీ చెప్పాల్సిన మాట విడివిడిగా కాగితం మీద రాసుకుంది. డ్రైవరు పేరుకెదురుగా రాసింది మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాసింది. నాలుగు కావస్తుండగా సంచీలోంచి ఆ కాగితం తీసి గొంతు సవరించుకుంది.

"నేనొక మాట చెప్పాలండీ" అన్నాడు గడియారాల మేస్త్రి.

కాగితం ఆమె ఒళ్లోనే ఉండిపోయింది.

"మా ఆవిడకి మాట పోయింది కదా. ఏదైనా కావాలంటే చెంచాతో మంచం చువ్వ మీద కొడుతుంది. పొద్దున్నుంచీ కొడుతూనే ఉంటుంది. నా పని చూస్తే సూది మొనంత పని, చెయ్యి అదరకూడదు." ఆయన నేలవైపే చూస్తున్నాడు. "ఒకరోజు ఆ చెంచా తీసి దాచేశాను. మధ్యాహ్నమంతా హాయిగా పని చేసుకున్నాను. సాయంత్రం వెళ్లి చూస్తే ఆవిడ పక్క తడిసిపోయి ఉంది. నన్ను చూస్తూ ఉంది. తిట్టడానికి కూడా మాట లేదు కదండీ."

సిస్టరమ్మ నాలుక చివరిదాకా ఒక ఓదార్పు వచ్చింది. పెదవి కరుచుకుంది.

"ఎక్కడ దాచారు?" అని అడిగింది టైలరమ్మ.

"పనిముట్ల పెట్టెలో."

"మళ్లీ ఇచ్చేశారా?"

"ఆ సాయంత్రమే ఇచ్చాను. ఇప్పుడు కొట్టడం తగ్గించేసింది. అదే నన్ను తినేస్తోంది."

డ్రైవరు కుర్చీని ఆయన వైపు ఈడ్చుకున్నాడు. "నేను మా తమ్ముడి గదికి బయట గొళ్లెం పెట్టి సినిమాకి పోయానండీ. ఇంటర్వెల్లో పరుగెత్తుకొచ్చా. వాడు నిద్రపోతున్నాడు. వాడికిప్పటికీ తెలీదు, మీకే చెప్తున్నా."

"ఇంటర్వెల్ దాకా ఎట్లా కూర్చున్నావన్నా?" అంది టైలరమ్మ.

"ముందు ఫైటుంది మరి."

మేస్త్రికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఈసారి నీళ్లు ఎవరు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, ఆ పక్షవాతం వచ్చిన ఉదయం నుంచి. టైలరమ్మ మధ్యమధ్యలో అడుగుతోంది. ఒక్కరూ సిస్టరమ్మ వైపు చూడటం లేదు. నాలుగున్నర దాటింది.

"మీది చాలా ఉన్నట్టుంది" అన్నాడు డ్రైవరు. "వచ్చే బుధవారం రెండున్నరకే వచ్చేద్దాం. తాళంచెవి నేను కింద తీసుకుంటాలే."

"రెండున్నరకి నాకు కుదరదు. రెండుముప్పావు" అంది టైలరమ్మ.

సిస్టరమ్మ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. ఇప్పుడు వీడ్కోలు చెప్పాలంటే మేస్త్రి మాటకు అడ్డు రావాలి. మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. దారి ఇవ్వడానికి టైలరమ్మ కాళ్లు వెనక్కి జరుపుకుంది కానీ చూపు మేస్త్రి మీంచి తిప్పలేదు. "తర్వాత ఆసుపత్రిలో డాక్టరేమన్నాడు?" అని అడుగుతోంది. సిస్టరమ్మ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, బస్సు స్టాండు వైపు నడిచింది.