అత్తగారి కొలతకు కొలను

వీధి చివర కుట్టుపని చేసే ఆవిడ పెరట్లో ఈత కొలను కట్టిస్తోందని తెలిసి నవ్వని వాళ్లు లేరు. సూది మీద బతికే మనిషికి ఇదేం పోయేకాలమని ముక్కున వేలేసుకున్నారు. నవ్వుకోనీండి, పోయిందేముంది! ఆవిడకు కావలసింది ఈత కాదు, అత్తగారి నడక.

అత్తగారి తుంటి ఎముక విరిగి ఏడాదైంది. ఎముక అతికింది గానీ నడుం వంగిపోయింది. మంచం నుంచి గుమ్మం దాకా కర్ర పట్టుకుని వస్తుంది, అంతే. రోజూ నీళ్లలో నడిపిస్తే మనిషి కోలుకుంటుంది, ఈ ఏడు దాటితే కీళ్లు బిగుసుకుపోతాయని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఊళ్లో ఉన్న కొలనుకు ఒక్కసారి తీసుకెళ్లారు. ఇనప నిచ్చెన దిగలేకపోతే నలుగురి ముందూ ఇద్దరు మోసి దించారు. ఇంటికొచ్చి పెద్దావిడ మూడు రోజులు గుమ్మం దాకా కూడా రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే కోడలు టేపు పట్టుకుని పెరట్లో నిలబడింది.

కొలనులు కట్టే కాంట్రాక్టరు వచ్చి, ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు అంటూ గడగడా లెక్క అప్పజెప్పాడు. కోడలు కూడబెట్టిన దానికి అది రెండింతలు. పైగా అందులో నీళ్లు శుభ్రం చేసే మందు లేదు, పంపుకయ్యే కరెంటు లేదు, చుట్టూ కంచె లేదు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చన్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. దారం, లైనింగు, బొత్తాలు తర్వాత చూసుకుందామనుకుంటే కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది? రెండేళ్ల మందు, కరెంటుతో సహా అన్నీ మొదటి కాగితం మీదే రాయించింది. మొత్తం ఇంకా పెరిగింది. వచ్చే ఏడు చూద్దాంలే అని భర్త నసిగాడు. ఆవిడ ససేమిరా అంది.

గుడ్డ చాలకపోతే వచ్చినవాళ్లను వెనక్కి పంపడం ఆవిడకు చేతకాదు; కత్తిరింపు మారుస్తుంది. పాత దుప్పట్లు కలిపి కుట్టి, కొలనంత గుడ్డ పెరట్లో పరిచి, వారం పాటు రోజుకింత మడుస్తూ వచ్చింది. ఇంట్లో ఈదేవాళ్లే లేనప్పుడు అంత వెడల్పెందుకు? అత్తగారు చేతులు చాపితే రెండు పక్కలా కమ్మీలు అందాలి, చాలు. నాలుగున్నర అడుగులు. పొడవు పద్నాలుగు. నిచ్చెన బదులు మెట్లు, అవీ ఆ కాలు లేచేంత ఎత్తులోనే. లోతు కోసం అత్తగారిని నిలబెట్టి, నేల నుంచి ఛాతీ దాకా టేపు పట్టి, మూడడుగుల నాలుగంగుళాలని రాసుకుంది. ఖర్చు చేతిలో ఉన్నదానికి లోపలే తేలి కాస్త మిగిలింది కూడా. ఆ మిగులుతో అడుగున నీలం పలకలు వేయించాలని ఒక్క ముచ్చట పడింది.

సంతకం పెట్టే రోజు కాంట్రాక్టరు కొలతలు పైకి చదివాడు. గుమ్మంలో కర్ర మీద వంగి వింటున్న అత్తగారు లోతు దగ్గర ఆపమంది.

"కొలత తప్పు తీశావమ్మాయ్," అంది.

పాతికేళ్లుగా కోడలిని ఆ మాట అన్నవాళ్లు లేరు. మొహం మాడ్చుకుని, రెండుసార్లు చూసే రాశానంది.

"వంగినదాన్ని కొలిచావు. నేను లేచి నిలబడనూ?"

అంటూనే పెద్దావిడ కర్ర గోడకు ఆనించి, గుమ్మం రెండు పక్కలా పట్టుకుని, పళ్లు బిగించి కొద్దికొద్దిగా నడుం పైకెత్తింది. మొహం ఎర్రబడింది. కోడలికి సిగ్గేసింది. ఎదిగే పిల్లలకు గౌను కుడితే అంచు లోపల నాలుగు వేళ్ల మడత మరవకుండా వదిలే మనిషి, అత్తగారి దగ్గరికొచ్చేసరికి ఉన్నది ఉన్నట్టు కొలిచేసింది. ఈ మనిషి ఇక ఇంతేనని తానెప్పుడు అనుకుంది?

గబగబా టేపు కొస కాలితో తొక్కిపట్టి ఛాతీ దాకా లాగింది. మూడడుగుల తొమ్మిదంగుళాలు. కాంట్రాక్టరు గొంతు సవరించుకుని, అయిదంగుళాలు పెరిగితే తవ్వకం, గోడలు, నీళ్లు అన్నీ పెరుగుతాయన్నాడు. కోడలు కాగితం లాక్కుని నీలం పలకలు కొట్టేసింది.

"మూడూ తొమ్మిది రాయండి," అంది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "అయిపోయింది అత్తయ్యా, కూర్చోండి," అంది.

"రాయనీ," అంది అత్తగారు, పట్టు వదలకుండా. "చూసి కూర్చుంటాను."