జమునాబాయి గాజులు, బార్బరా ఉంగరం

షికాగోకి నేను సరదాకి వెళ్లలేదు, నాకు అంటగట్టారు. అది ఎనభై నాలుగు వేసవి. మేం ట్రాయ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడి తెలుగువాళ్లకి పెద్దదిక్కయిన రావుగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, నల్గొండ నుంచి ఒక లంబాడీ ఆవిడ వచ్చింది. షికాగో ఎగ్జిబిషన్‌లో కుట్టుపని చూపిస్తుంది. మీదీ నల్గొండే కదా, డ్రైవ్ చేసి తీసుకెళ్లు" అన్నారు. నల్గొండలో పుట్టినంత మాత్రాన టాక్సీ నడపాలని ఎక్కడ రాసుందో!

జమునాబాయి ఎక్కగానే కారంతా మోగింది. చెంపల పక్కన జడల్లో వెండి గంటలు, కాళ్లకు కడియాలు, మోచేతి పైనుంచి భుజాల దాకా తెల్ల గాజులు. ఒళ్లో తండా ఆడవాళ్లంతా కుట్టిన సంచుల మూట. అవి అమ్ముడుపోకపోతే తనను తండాలోకి రానివ్వరని నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వులో భయం ఉంది.

పొద్దున్నే బయల్దేరి ఐ-94 హైవే పట్టుకుంటే ఐదు గంటల దారి. పెట్రోలుకి అప్పట్లో పదిహేను డాలర్లు. షికాగో గడియారం ట్రాయ్ కంటే గంట వెనక, ఆ కలిసొచ్చిన గంటను నేను దారిలో కలమజూ అనే ఊళ్లో కాఫీకి తగలేశాను. అక్కడ కౌంటర్ అమ్మాయి గాజులు చూసి, బరువుగా ఉండవా అని అడిగింది.

"దాని చెవులకు నా పిడికిలంత రింగులున్నయ్. దానికి బరువు లేదా, అడుగు" అంది జమున. నేను అడగలేదు. టిప్ కాస్త ఎక్కువ పెట్టి వచ్చేశాను.

అసలు గొడవ ఎగ్జిబిషన్ హాల్లో మొదలైంది. నిర్వాహకురాలు బార్బరా మంచి మనిషే. కాకపోతే ఒక అద్దాల పెట్టె చూపించి, జనం చూడ్డానికి గాజులు తీసి అందులో పెట్టాలంది. పెట్టె ఖాళీగా ఉంటే జమునకిచ్చిన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామంది.

"మొగుడు బతికుండంగ గాజులు తీస్తరా అక్కా? నేను తియ్య. మూట కట్టు, పోదాం."

వాళ్లలో భర్త పోతేనే ఆ గాజులు తీస్తారు. నేను నానా తంటాలు పడి చెబితే, సాయంత్రం మళ్లీ వేసుకోవచ్చుగా అంది బార్బరా. నాకు ఒళ్లు మండింది. జమున మాత్రం బార్బరా వేలి వైపు చూసింది.

"ఆ ఉంగరం పెండ్లిదేనా? ముందు ఆమెను అది తీసి పెట్టమను. అప్పుడు నేను తీస్త."

భలే దెబ్బ కొట్టిందని లోలోపల పండగ చేసుకుంటూ ఆ మాట చెప్పాను. బార్బరా, అబ్బ ఎంత బాగా చెప్పింది అంటూ ఉంగరం చటుక్కున ఊడదీసి పెట్టెలో పెట్టేసింది! మా కొంప మునిగిందనుకున్నాను.

జమున కెవ్వుమంది. పెట్టెలో చెయ్యి పెట్టి ఉంగరం అందుకుని, బార్బరా చెయ్యి దొరకబుచ్చుకుంది. "అయ్యో పిచ్చిదానా! నీ మొగుడు ఏం పాపం జేసిండే? తొడుగు, ముందు తొడుగు!" అంటూ తనే వేలికి ఎక్కించింది. ఆమె కళ్లలో నీళ్లు. ముక్కూమొహం తెలియని మనిషి మొగుడి కోసం! నేను ఇంగ్లీషులో చెప్పాల్సిన పని లేకపోయింది. బార్బరా ఖాళీ పెట్టెకి తాళం వేసి, పక్కనే జమునకి కుర్చీ వేయించింది. సాయంత్రానికి మూటలో రెండు సంచులే మిగిలాయి.

నగలంటే అందానికే అనుకునేదాన్ని నేను. సముద్రాల అవతల ఉన్న మొగుడి క్షేమాన్ని ఒక మనిషి భుజాల మీద మోసుకు తిరగడం చూసి గుండె బరువెక్కింది. మీరెవరినైనా ఇలాంటి చోటుకి తీసుకెళ్తుంటే, ఏమేం తీసి పెట్టమంటారో ముందే ఫోన్‌లో కనుక్కోండి. ఇంకో మాట, బూట్లలో ఇమడడం లేదని మీరూ నాలాగే మెట్టెలు తీసేసి ఉంటే, సాక్స్ మాత్రం మరవకండి. తిరుగు ప్రయాణంలో నేను బూట్లు విప్పి కారు నడుపుతుంటే, జమున ఐదు గంటలూ మెట్టెల్లేని నా కాలివేళ్ల వంకే చూసింది.