వంగని మణికట్టు

నా చిన్నప్పుడు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మేం ఐరాల దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. నాయన పోయాక రెండు ఆవులూ, కాస్త మడీ అమ్మ చేతిమీదే నడిచేవి. ఆ అమ్మకు కీళ్లవాతం వచ్చింది. ముందు కుడి మోచెయ్యి బిగుసుకుపోయింది. తర్వాత మణికట్టు వాచి పక్కకు ఒరిగింది. పాలు పితికేటప్పుడు పెదవి కొరుక్కునేది.

మా అవ్వ ఆమెను మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను గానీ, డాక్టరమ్మ మాట్లాడుతున్నంతసేపూ వరండాలోనే ఉన్నాను. ఆపరేషన్ చేసి మణికట్టు ఎముకలను కలిపి అతికించారు. నెలల తరబడి పిండికట్టు. అది విప్పాక నొప్పి పోయింది, కానీ మణికట్టు ఇక వంగలేదు. అమ్మ మళ్లీ పాలు పితికింది. మోచెయ్యీ వంగదు కనక అన్నం ముద్ద మాత్రం నోటిదాకా వచ్చేది కాదు. అందరం తిన్నాక, గోడవైపు తిరిగి ఎడమచేత్తో తినేది.

ఒకసారి పక్కింటి అక్క పెళ్లి పంక్తిలో అమ్మ ఎడమచేత్తో తింటుంటే, నా ఈడు పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆ చేత్తో తినొద్దు మా, అందురూ సూస్తాండారు" అన్నాను.

అమ్మ ఆకు మడిచి లేచిపోయింది.

అవ్వ నన్ను పందిరి వెనక్కు తీసుకుపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"డాక్టరమ్మ ఏమడిగిందో నీకు తెలీదు మే. రవ్వంత వంచి అతికిస్తే అన్నం నోటికందుతాది, గట్టి పని సేయలేవు. నిటారుగా పెడితే పని సేసుకోవచ్చు, నోటికందదు. ఏది కావల్లో నువ్వే సెప్పు అనింది. మీయమ్మ ఆలోసన గూడా సేయలా. నిటారుగానే పెట్టండమ్మా, నా బిడ్డను సాక్కోవల్ల అనింది."

పరుగెత్తుకుంటూ ఇంటికి పోయాను. అమ్మ దూడకు గడ్డి వేస్తోంది. అన్నం కలిపి తెచ్చి, నేను తినిపిస్తానన్నాను.

"ఆకలిగా లేదులే పాపా, నువ్వు తిను" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. ఆ పూట ఆమె ఏమీ తినలేదు.

మరుసటి రోజు నుంచి ఆమె తినే వేళదాకా ఆగి, ఆమెతోపాటే తిన్నాను. కానీ బయట పంక్తిలో అమ్మ మళ్లీ ఎన్నడూ కూర్చోలేదు. ఎంత బతిమాలినా రాలేదు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ విందులోనైనా ఎవరైనా ఎడమచేత్తో తింటూ కనిపిస్తే, ఎందుకని అడగను. పోయి వాళ్ల పక్కనే నా ఆకు వేయించుకుంటాను.