డబ్బా కడిగింది నేనే

మూడు రోజులుగా మా పాత పికప్ బండి ఇంజన్ టక్ టక్ అని కొట్టుకుంటోంది. వడ్ల బస్తాలు వేస్తే చిన్న ఎత్తు కూడా ఎక్కడం లేదు. సూర్యాపేట మెకానిక్ ఇంజన్ విప్పాల్సిందే అన్నాడు. కోతలప్పుడు వారం బండి ఆగితే మా కిరాయిలన్నీ వేరేవాళ్లకు పోతాయి. అందుకే ఈ రోజు మా ఆయనా నేనూ కోదాడలో ఒక పెద్ద ఇంజన్ మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. ఎండలో నేను బండిలోనే కూర్చున్నాను.

మేస్త్రీ డీజిల్ ఫిల్టర్ విప్పి సీసాలోకి వంపాడు. అడుగున నీళ్లు చేరాయి.

"ఇంజన్ బాగానే ఉందయ్యా. డీజిల్లో నీళ్లున్నాయి. ఎక్కడ పోయించావు?"

మా ఆయన మొహం ఎర్రబడింది. "మిర్యాలగూడ బంకుల డబ్బా నింపిచ్చి పోసిన. ఇప్పుడే పోయి వాని సంగతి జూస్త!"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. శుక్రవారం ఇల్లంతా కడుగుతూ, వాసన వస్తోందని ఆ ఖాళీ డబ్బాను కూడా కడిగాను. నీళ్లు సరిగా వంపకుండానే మూత పెట్టేశాను.

"బంకోళ్లను ఏమనకుండ్రి. డబ్బా నేనే కడిగిన," అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. "సబ్బు కూడా పెట్టావా అమ్మాయ్?"

"రెండుసార్లు పెట్టిన."

షెడ్డులో అందరూ నవ్వారు, మా ఆయన తప్ప. ట్యాంకు ఖాళీ చేయించి తిరిగొస్తుంటే బండి ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. ఆయన మాత్రం మొహం ముడుచుకునే నడిపాడు.

కొత్తవాళ్ల ముందు నేను నోరు తెరవడమే తక్కువ. ఈ రోజు తెరిచింది తప్పు ఒప్పుకోవడానికి. చాలా అలసిపోయాను. మీరెవరైనా ఇట్లాంటి శుభ్రం పని చేసి ఉంటే కింద రాయండి, ఆయనకు చదివి వినిపిస్తాను.