బండికి కొలతలు తీసిన దర్జీ

మా చెల్లెలి మొగుడు వృత్తికి దర్జీ. మా వీధిలో వాళ్ళకి అతని మొహం గుర్తుందో లేదో గాని పాదాలు మాత్రం బాగా గుర్తు. సెలవు రోజు వచ్చిందంటే మనిషంతా బండి కింద దూరి ఉంటాడు, బయటికి కనిపించేవి ఆ రెండు పాదాలే. వచ్చేపోయే వాళ్ళు పాదాలకే పలకరింపులు చెప్పి పోతుంటారు. పాదాలు కూడా మర్యాదగా ఊగి బదులిస్తాయి.

మామూలు కార్లలో రెండు చక్రాలు లాగుతాయి, మిగిలిన రెండూ వాటి వెనకాల బలాదూరుగా తిరుగుతాయి. ఈ బండికి నాలుగూ లాగుతాయి. బురదలో ఒకటి జారితే మిగిలినవి పట్టుకుంటాయి. అందుకే మా మరిది దాన్ని కొన్నాడు. కొన్నప్పటికే అది ముసలిది. దాని రంగేమిటని అడిగితే ఇంట్లో ముగ్గురం మూడు రంగులు చెబుతాం. ఎడమ పక్క తలుపు వేరే బండి నుంచి వచ్చింది, ఇప్పటికీ కొత్త కోడలిలా సర్దుకోలేక గాలికి చప్పుడు చేస్తుంటుంది.

నేను ఆ ఇంట్లోనే పై గదిలో ఉంటాను. మా ఆయన పోయాక చెల్లెలు వచ్చి నన్ను పెట్టెతో సహా తీసుకొచ్చేసింది. నా నోటికి వీధి వీధంతా జంకుతుంది గాని మా మరిది మాత్రం నవ్వుతాడు. అదే నాకు ఒళ్ళు మంట.

అతని బండి పని చూడాలి. మెకానిక్కుల దగ్గర నేర్చుకున్నది సగం, మిగతా సగం కుట్టుపని. ఏ భాగం విప్పినా ముందు రెండు ముక్కల మీదుగా సుద్దతో ఒక గీత గీస్తాడు. మళ్ళీ బిగించేటప్పుడు గీతకి గీత కలవాలి. చొక్కా చేతిని భుజానికి కలిపేటప్పుడు గుర్తు పెట్టుకునే పద్ధతే అది. విప్పిన బోల్టుల్ని బొత్తాల డబ్బాల్లో వేస్తాడు. ఒకసారి ఒక పెద్దింటావిడ గౌను కోసం ముత్యపు బొత్తాలు అడిగితే, డబ్బా మూత తీసి నట్లు చూపించాడు. చక్రానికి లోపల గ్రీజు కారిపోకుండా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగి కొత్తది దొరకనప్పుడు మందపాటి తోలుతో తనే తొడుగు కుట్టాడు. రెండు వరసల కుట్టు, అంచు మడత కూడా వేశాడు. "లోపల ఎవరు చూస్తారని ఆ మడత?" అంటే, "గ్రీజు చూస్తుంది వదినా" అన్నాడు.

ఆ బండి మీద మా చెల్లెలి ఉద్యోగం ఆధారపడి ఉంది. జీవితమంతా అది మొగుడి కొట్లో కాజాలు కుడుతూ గడిపింది. యాభై దాటాక కొండ మీద బడిలో పెద్ద వంటావిడగా పని దొరికింది. దాని చేతి కింద ఇద్దరు, దాని మాట మీద నడిచే పొయ్యిలు. తెల్ల ఏప్రన్ కట్టుకుంటే మా చెల్లెలేనా అని నాకే అనుమానం వచ్చేది. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. పైకి రాళ్ళూ మట్టీ కలిసిన దారి, వాన పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. మరిది పొద్దున్నే చెల్లెల్ని బండిలో పైన దింపి వచ్చి కొట్టు తెరిచేవాడు, సాయంత్రం వెళ్ళి తెచ్చేవాడు.

ఎండాకాలంలో ఒకరోజు ఆ దారిలో రాయి కోసుకుని ఒక టైరు పక్క చీలిపోయింది. మరిది కొత్త టైరు ఒకటి కొని వేశాడు.

"ఒక్కటే కొన్నావేం?" అన్నాను.

"చొక్కాకి ఒక బొత్తాం ఊడితే ఎన్ని కుడతాం వదినా? ఒకటే కదా."

ఆ లెక్క నాకూ సబబుగానే అనిపించింది. కొత్త టైరు కూడా నాలుగు రోజుల్లో బురద పూసుకుని మిగతా వాటిలో కలిసిపోయింది. ఆ సంగతే అందరం మర్చిపోయాం.

తరవాత కొన్నాళ్ళకి బండి మూలగడం మొదలుపెట్టింది. తిన్నటి దారిలో సన్నగా గొణిగేది. మలుపు తిప్పితే మాత్రం ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగి ఆగి గెంతేది.

"ఏమండీ, బండి మూలుగుతోంది" అంది మా చెల్లెలు.

"మూలగడం కాదే, మాట్లాడుతోంది."

"ఏమంటోంది?"

"వంటావిడ ఈమధ్య బరువెక్కిందంటోంది."

ఆ రోజు సాయంత్రం అతనికి టీ దొరకలేదు.

నవ్వులు అక్కడితో అయిపోయాయి. మరిది బ్రేకులు విప్పి చూశాడు, శుభ్రంగా ఉన్నాయి. బండి కింద పొడుగునా ఉండే ఇనప కడ్డీ కీళ్ళు కదిపి చూశాడు, గట్టిగా ఉన్నాయి. తను కుట్టిన తోలు తొడుగు మీద అనుమానపడి దాన్ని కూడా విప్పాడు, ఒక్క కుట్టు కూడా ఊడలేదు. కింద మధ్యలో ఒక ఇనప పెట్టె ఉంది. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది అదే. బండి ఆగాక దాని మీద చెయ్యి పెట్టి అబ్బా అని తీసేశాడు. పెనంలా కాలుతోంది.

సందు చివర మెకానిక్ వచ్చి నూనె బొట్టు వేలికి రాసుకుని వాసన చూశాడు. "మాడిపోయింది. పెట్టె చివరికొచ్చిందయ్యా. ఈ బండికి ఇంకో పెట్టె దొరకడం కష్టం. తుక్కు వాడిని పిలిచెయ్."

మా మరిది బండి అద్దం తుడుస్తూ ఉండిపోయాడు, తుడవడానికి దాని మీద ఏమీ లేకపోయినా.

ఆ వారంలోనే వాన మొదలైంది. కొండ దారి మూడో మలుపులో బండి బిగుసుకుపోతే, మా చెల్లెలు మిగతా కొండ నడిచి ఎక్కింది. పిల్లలకి భోజనం ఆలస్యమైంది. బడి నడిపే పెద్దమ్మ మంచి మనిషే గాని ఆకలిగా ఉన్న అంతమంది పిల్లల్ని చూసుకోవలసిన మనిషి. "వంటగది వెనక గది ఖాళీగా ఉంది. వానలు తగ్గేదాకా ఇక్కడే ఉండిపో. లేదా రోజూ వేళకి వస్తానని నమ్మకంగా చెప్పు. ఆదివారానికల్లా ఏదో ఒకటి తేల్చు" అంది.

ఇంటికొచ్చి చెల్లెలు ఆ మాట చెప్పింది. మరిది సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. దారం ఎక్కలేదు.

"నువ్వేమనుకుంటున్నావ్?" అన్నాడు.

"పని మాత్రం మానను. ఇన్నేళ్ళకి నాకంటూ దొరికిన పని."

"మానమని ఎవరన్నారు?"

"అయితే గదిలో ఉంటాను. కిటికీ ఉంది, గాలి వస్తుంది. మీ గురక వినిపించదు."

"గురక లేకపోతే నీకు నిద్రెక్కడ పడుతుంది?" అనేసి అతను కొట్లోకి వెళ్ళిపోయాడు. చెల్లెలు పొయ్యి దగ్గర గిన్నెలు అవసరం లేకుండా చప్పుడు చేసింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ ఇద్దరూ ఒక రాత్రి కూడా వేరుగా ఉన్నది నేను చూడలేదు. కొట్లాడుకున్నా ఒకే గదిలో కొట్లాడుకుంటారు.

శుక్రవారం మా వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు, కూతురి పెళ్ళికి కుట్టించుకుంటున్న ప్యాంటు వేసి చూసుకోవడానికి. ఆయనకి పుట్టుకతోనే ఒక కాలు కొంచెం పొట్టి. అందుకు ఎప్పుడూ బాధపడడు. "నా కాళ్ళు రెండూ రెండు కంపెనీల సరుకమ్మా" అని తనే నవ్విస్తాడు. మామూలుగా ఒక బూటుకి మడమ ఎత్తు చేయించుకుని తిన్నగా నడుస్తాడు. ఆ రోజు కొత్త బూట్లతో వచ్చాడు, ఎత్తు ఇంకా వేయించలేదు.

మరిది నోట్లో గుండుసూదులు పెట్టుకుని కింద కూర్చుని ప్యాంటు అంచు మడుస్తున్నాడు. మనసంతా బండి మీదే ఉందని ఆ మడత చూస్తేనే తెలుస్తోంది.

గడియారాలాయన నడుం పట్టుకుని మూలిగాడు. "ఈ బూట్లతో బజారు దాకా వెళ్ళొచ్చాను. నడుం పట్టేసిందయ్యా. తేడా ఉన్నది కాళ్ళలో, శిక్ష నడుముకి. ఇదేం న్యాయం చెప్పు."

మా మరిది చెయ్యి ఆగిపోయింది. నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తరవాత టేపూ సుద్దముక్కా పట్టుకుని లేచి, ఒక్క ముక్క చెప్పకుండా బయటికి పరిగెత్తాడు.

"ఏమన్నానమ్మా నేను?" అన్నాడు గడియారాలాయన భయంగా.

నేను వెనకాలే వెళ్ళాను. మరిది బండిని జాకీ మీద లేపి చక్రం చుట్టూ టేపు వేస్తున్నాడు. మనిషి నడుముకి సరిపోయే టేపు చక్రానికి చాలలేదు. "వదినా, ఈ కొస పట్టుకోండి" అని సుద్దతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టి కొలిచాడు. ఒక చక్రం అయ్యాక ఇంకొకటి. మూడింటి కొలత దాదాపు ఒక్కటే. కొత్త టైరు మాత్రం అంగుళం పైచిలుకు ఎక్కువ.

"అంగుళానికే ఇంత రభసా?" అన్నాను.

"మీ కోటుకి ఒక చెయ్యి అంగుళం పొడుగు కుడితే ఊరుకుంటారా?"

"నీ మొహాన కొడతాను."

"బండి చేస్తున్నదీ అదే."

అప్పుడు చెప్పాడు. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది. అదే దూరం పోవడానికి చిన్న చక్రం ఎక్కువసార్లు తిరగాలి, పెద్దది తక్కువ. మలుపుల్లో అలాంటి తేడా సర్దడానికే లోపల ఆ పెట్టె ఉంది. కాని మలుపు అయిపోగానే దానికి విశ్రాంతి దొరకాలి. ఈ కొత్త టైరు వచ్చాక తిన్నటి దారిలో కూడా దానికి సర్దుబాటు తప్పలేదు. ఇద్దరు తోడికోడళ్ళ మధ్య పొద్దస్తమానం సర్దిచెప్పే మనిషికి తల వేడెక్కదూ? అలా వేడెక్కింది పెట్టె. అందులో మలుపు కూడా వచ్చిందంటే ఇంక తన వల్ల కాదని బిగుసుకునేది.

"అయితే బొత్తాం లెక్క టైరుకి పనికిరాదన్నమాట" అన్నాను.

"బొత్తాం కాదు వదినా, ప్యాంటు కాలు. ఒక్కటే మార్చకూడదు." అని తల మీద తనే ఒకటి మొట్టుకున్నాడు. సుద్ద అంటుకుని జుట్టు సగం నెరిసినట్టయింది.

గుమ్మంలోంచి గడియారాలాయన కేక వేశాడు. "అయ్యా, నేను కూర్చోవచ్చా? సూదులు ఎక్కడెక్కడ గుచ్చుకుంటాయో చెప్పి పో!"

మర్నాడు మరిది పాత టైర్ల కొట్లన్నీ తిరిగాడు. ఆ సైజువే, ఆ రకానివే టైర్లు ఏరి టేపు వేసి చూడడమే. "ఏం కుడతావయ్యా దీనికి, కోటా గౌనా?" అని ఒక కొట్టువాడు పగలబడి నవ్వాడట. "ముందు కొలతలు తియ్యనీ, గుడ్డ సంగతి తరవాత" అన్నాడట ఇతను. చివరికి మూడింటితో సరితూగే ముసలి టైరు ఒకటి దొరికింది. దాన్ని బిగించి, కొత్తదాన్ని వెనక స్పేరుగా పడేశాడు. మెకానిక్ వచ్చి పెట్టెలో మాడిన నూనె దింపి కొత్తది పోశాడు. టైర్ల వైపు చూసి, "ముందు బురద కడిగి వీటిని చూడమని చెప్పి ఉండాల్సింది నేను" అని నవ్వాడు. మళ్ళీ గంభీరంగా అన్నాడు. "కారణం పోయింది సరే. ఇన్నాళ్ళు మాడిన పెట్టె బతికిందో లేదో మాత్రం కొండెక్కితే గాని తెలియదు."

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం బయల్దేరాం. వాన జోరుగా ఉంది. చెల్లెలు పరుపు చుట్ట తెచ్చి బండి వెనక పెట్టింది. మరిది చూశాడు. చూసి బండి స్టార్టు చేశాడు.

మొదటి మలుపులో అందరం చెవులు రిక్కించాం. ఏమీ లేదు. రెండో మలుపులో చిన్న గొణుగుడు వినిపించింది. మరిది బండి నెమ్మది చేశాడు. "అది తలుపు" అంది చెల్లెలు. నిజమే, ఎడమ తలుపే. మూడో మలుపు దగ్గర దారంతా ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. ఒక చక్రం జారింది, బండి పక్కకి ఒరిగింది. తక్కిన మూడూ నేలని పట్టుకున్నాయి. మూలుగు లేదు, గెంతు లేదు. తడిసిన కుక్క ఒళ్ళు దులుపుకున్నట్టు ఒకసారి ఊగి, పైకి ఎక్కేసింది.

బడి దగ్గర ఆపీ ఆపగానే మరిది వానలోనే కిందికి దూరి పెట్టె మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తియ్యలేదు.

"గోరువెచ్చగా ఉంది! టీ గ్లాసంత!" అని కింద నుంచే అరిచాడు.

పెద్దమ్మ గొడుగు వేసుకుని వరండా మెట్ల దాకా వచ్చింది, చేతిలో గది తాళంచెవి. చెల్లెలు తాళంచెవిని చూసింది, పాదాల వైపు చూసింది. అది మా ఇంటి మనిషే గాని, దాని మనసులో మాట చివరి క్షణం దాకా పైకి రాదు.

"గది వద్దమ్మా" అంది. "రేపటి నుంచి పొయ్యి వేళకే వెలుగుతుంది. నేను ఇంటి నుంచే వస్తాను."

"వాన ఇంకా పెరిగితే?"

"ఇంతకన్నా పెరిగితే పిల్లలే బడికి రారు. గాలి వచ్చే గది మంచిదే గాని, అందులో నిద్ర పట్టదు నాకు."

పాదాలు కదలడం మానేశాయి. కొంచెం సేపటికి మరిది బయటికి వచ్చి, మా వైపు తిరగకుండా ముందు వైపు వెళ్ళి ఇంజన్ మూత ఎత్తి అందులో తలపెట్టి ముక్కు ఎగబీల్చాడు.

"ఏం వెతుకుతున్నావ్ మరిదీ?"

"నూనె చూస్తున్నాను వదినా."

"నిన్ననే పోశారు కదా. ముక్కుతో చూస్తున్నావా?"

"మీరు కాసేపు మాట్లాడకండి వదినా."

చెల్లెలు సంచిలోంచి ఏప్రన్ తీసి నెత్తి మీద కప్పుకుని బండి దగ్గరికి నడిచింది. అతని పక్కన నిలబడి, భుజం మీద ఒక్కటిచ్చింది.

"ముందు ఆ మూత వెయ్యండి. ఇంజన్లో వాన పడుతోంది."