కోడిని ఎవరికీ ఇవ్వని అయ్యగారు

ఆ రోజు మంచు బాగా పడింది. ఎండెక్కితే శనగ కాయలు రాలిపోతాయని చీకటితోనే చేనికి పోయి చెట్లు పీకుతున్నాం. సగం చేను కాకముందే ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. మా సంఘానికి చాలా ఏళ్లు పాస్టరుగా ఉండి, రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటున్న అయ్యగారు తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయారట. మా ఊరి సమాధుల తోటలోనే పెట్టమని ముందే చెప్పి ఉంచారని ఆయన భార్య, మా అమ్మగారు, ఫోన్లో చెప్పింది. కూలీలను పంపించేసి చేతులు కడుక్కున్నాను. శనగాకు మీది పులుపు వేళ్ల పగుళ్లలో మండుతూనే ఉంది.

మా ఊరు జమ్మలమడుగుకు దగ్గర. ఆయన వచ్చేనాటికి ఊరు రెండు పార్టీలు. పార్టీలు నడిపేది ఊరి పెద్దలు, నరుక్కునేది వాళ్ల చేలల్లో పనిచేసే మా పేటవాళ్లు. చర్చిలో కూడా ఒక పార్టీ కుడి పక్క, ఒక పార్టీ ఎడమ పక్క కూర్చునేది.

నేను సంఘ పెద్దను కాబట్టి ఇళ్ల ప్రార్థనలకు ఆయన వెంట తిరిగేవాణ్ణి. ఏ ఇంటికి పోయినా ముందు ఏదో ఒకటి తినేవారు, తర్వాతే బైబిలు తెరిచేవారు. తిన్న తట్ట తనే కడిగి బోర్లించేవారు. ఆయన ఏ ఇంట్లో ఏం తిన్నారో రెండో పార్టీకి అప్పుడే తెలిసిపోయేది.

"వాల్లింట్లో కోడి తిన్యావంట, మా ఇంట్లో మజ్జిగేనా అయ్యగారూ?" అని ఒక ముసలామె నిలదీసింది.

"పార్టీలు రెండుండాయి గానీ నాకు కడుపు ఒకటే గదమ్మా" అన్నారు. అని, ఆమె పెట్టిన సంగటి కూడా తిన్నారు. ఆ రాత్రంతా కడుపునొప్పితో అవస్థ పడ్డారని అమ్మగారు తర్వాత చెప్పింది.

నరికిన శవం ప్రొద్దుటూరు మార్చురీ నుంచి వస్తే, ఆటోలో తల పక్కన ఆయనే కూర్చునేవారు. గుడ్డ జారితే సర్దేవారు. పూడ్చిన తర్వాత ఆ ఇంటి పొయ్యి ఎవరో ఒకరి చేత వెలిగించి, "తినండి. ఏడ్చేదానికి కూడా సత్తువ కావాల" అని దగ్గర కూర్చుని తినిపించేవారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

ఇప్పుడు కోతపండుగ సంగతి చెప్పాలి. పంట చేతికొచ్చాక ఎవరికి ఉన్నది వాళ్లు చర్చికి తెస్తారు. జొన్నలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని హరాజు వేస్తాం, పాట ఎక్కువ పెట్టినవాళ్లకు ఇస్తాం. ఆ ఏడు ఒక పుంజు మీద జయన్న, ఓబులేసు పోటీ పడ్డారు. ఇద్దరూ చెరొక పార్టీ. పుంజు ఎవరికీ అక్కర్లేదు, కానీ పాట ఆపేవాడు లేడు. జయన్నది పై పాటగా ఉన్నప్పుడు అయ్యగారు లేచి పుంజును చంకలో పెట్టుకున్నారు.

"చాలు ఇంక. ఇది ఎవరికీ లేదు. కూర చేయిస్తా, అందరూ తినిపోండి."

ఆయనది కడప దగ్గరి ఖాజీపేట దిక్కు. పాట మధ్యలో ఆపితే మా ఊర్లో పై పాటవాడు ఓడినట్టే లెక్క అని ఆయనకు తెలియదు. కలిసి తింటే చల్లబడతారనుకున్నారు.

ఓబులేసు నవ్వి, "పాట నీది, పులుసు మాదిలేప్పా జయన్నా" అన్నాడు.

అతని పార్టీ, కుడి పక్కవాళ్లంతా నవ్వారు. అరటి గెలలు కోసే మచ్చుకత్తి అక్కడే ఉంది. జయన్న దాన్ని తీసుకుని ఓబులేసు భుజం మీద వేశాడు. ఎముక దాకా తెగింది. ఓబులేసు చర్చి వెనక ఉన్న అయ్యగారి ఇంట్లోకి పరిగెత్తాడు. దారి పొడవునా రక్తం. జయన్న వెంటపడ్డాడు. అంతకంటే ముందే అయ్యగారు పోయి, వాకిలికి రెండు పక్కలా చేతులు పెట్టి నిలబడ్డారు.

"జరుగు అయ్యగారూ! వాన్ని ఈ పొద్దు ఇడ్సను."

"లోపలికొచ్చినోడు నా ఇంటి మనిషిప్పా. నువ్వూ రా. కత్తి ఆడ పెట్టి రా."

ఆ దెబ్బ ఆయన ఎడమ చెయ్యి మీద పడింది. రెండు వేళ్లు గడప మీద రాలాయి. ఆయన అరవలేదు, జరగలేదు. జయన్న ఆ వేళ్లను చూసి, కత్తి వదిలేసి కూలబడ్డాడు.

ఓబులేసు బతికాడు. కోర్టులో అయ్యగారు ఉన్నదున్నట్టు చెప్పారు. జయన్నకు శిక్ష పడింది. ఆ తర్వాత నెలనెలా చిత్రాన్నం మూట పట్టుకుని కడప జైలుకు బస్సెక్కేవారు. అది తెలిసి ఓబులేసు చర్చి ముందరే ఆయన్ను నిలేశాడు.

"నన్ను నరికినోనికి కూడు మోస్తాండావే! దీనికేనా నన్ను బతికించింది?"

"నా చెయ్యి గూడా నరికినాడు గదప్పా. నేను మోస్తా, నువ్వు మోయొద్దులే."

"ఇంక నీ చేతి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం నాకొద్దు" అని పోయాడు. కొడుకులను తీసుకుని పులివెందులకు మారాడు. అయ్యగారు రెండుసార్లు ఆ ఇంటికి పోతే తలుపు తీయలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాతో ఒక్కటే అన్నారు: "లోపల చిన్నపిల్లోల్లు నవ్వుతాండారు. బాగుండారులే."

జయన్న బయటికొచ్చి ప్రొద్దుటూరు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. సమాధి రోజు అందరికంటే ముందు వచ్చి గుంత తవ్వాడు. మధ్యాహ్నం ఓబులేసు జీపు వచ్చి తోట గేటు దగ్గర ఆగింది. వెనక సీట్లో ఎదిగిన కొడుకులు. ఎవరూ దిగలేదు. సీట్ల కింద ఏమున్నాయో మాకందరికీ తెలుసు. ఆడవాళ్లు పిల్లలను లాక్కుని గోడ పక్కకు పోయారు. అమ్మగారు ఒక్కతే గేటు దాకా నడిచింది. నేను వెనకే పోయాను.

"దిగు ఓబులేసూ."

"వాడుండాడు గదమ్మా ఆడ. వాడున్న చోటికి నేనొస్తే ఊరికే ఉండలేను. పిల్లోల్లు అసలుండలేరు."

"ఈ పొద్దు గూడా నరుక్కుంటే ఆయప్ప పక్కన ఇంకో గుంత తవ్వుకోవాల. అది ఎవురు తవ్వుతారో మీరే మాట్లాడుకోండి" అని ఆమె వెనక్కి వచ్చేసింది.

ప్రార్థన అయింది. పెట్టె దించాం. జయన్న గుంత పూడ్చి, పార కడిగి, అమ్మగారి దగ్గరకు వచ్చాడు. భోజనానికి ఉండమంటే తల అడ్డంగా ఊపాడు.

"నేనుంటే వాడు రాడు. పోతాన్లేమ్మా."

మూడు గంటలప్పుడు వెనక గోడ దూకి, చేలకు అడ్డంపడి పోయాడు. అప్పుడు ఓబులేసు ఒక్కడే జీపు దిగి లోపలికి వచ్చి మట్టి వేశాడు. జయన్న చేలు దాటి దూరం పోయేదాకా జీపు కదలనీయలేదు. ఐదు దాటాకే కొడుకులతో పులివెందులకు పోయాడు.