చెవుల్లేని కోట

ఆ ఇంటిని చూసి నవ్వుకోకుండా ఆ వీధి దాటినవాళ్లు లేరు. నిలువెల్లా ఎర్ర ఇటుక, రెండు మూలలా రెండు గుండ్రటి బురుజులు, డాబా చుట్టూ పంటికీ పంటికీ మధ్య సందు వదిలినట్టున్న పిట్టగోడ, మనిషి తల కూడా పట్టనంత సన్నటి కిటికీలు. ఒక ఇటుక బట్టీ యజమాని ముచ్చటపడి కట్టించుకున్న కోట అది. ఆయన పోయాక పిల్లలు అమ్మకానికి పెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా మెట్ల మీద నిలబడి ఫొటోలు దిగి, బ్రోకరుకు దండం పెట్టి వెళ్లిపోయారు.

డ్రమ్ముల టీచరమ్మ నవ్వలేదు. గేటు దాటుతూనే గోడను పిడికిలితో గుద్ది, "మందమెంత?" అని అడిగింది.

"ముందు అందం చూడండి మేడమ్! ఇలాంటి ఇల్లు ఊరు మొత్తం వెతికినా..."

"అందం మా ఆయన చూస్తారు. మందం చెప్పండి."

బ్రోకరు మాటలు కోటలు దాటే రకం. ఈసారి నిజంగానే కోట దాటాయి గానీ, తాళం తిరక్క కాళ్లు మాత్రం గడప దగ్గరే ఆగిపోయాయి. ఆయన తాళాల గుత్తితో కుస్తీ పడుతుంటే, ఎలక్ట్రీషియను భర్త మీటరు పెట్టె చూసుకుంటూ, అత్తగారు ఆ సన్నటి కిటికీల్ని చూసి మూతి ముడుచుకుంటూ నిలబడ్డారు.

టీచరమ్మకు గోడ మందంతో పనేమిటంటే, ఆమె అద్దెకుండి ఖాళీ చెయ్యని పేట లేదు. చిన్నప్పుడు నాన్న రేకు డబ్బాల దుకాణంలో డబ్బాల మీదే చెయ్యి తిప్పుకుంది. పెద్దయ్యాక డ్రమ్ములు కొనుక్కుని, నేర్పడమే బతుకుతెరువు చేసుకుంది. అదేమీ దొంగతనం కాదు. అయినా ఏ ఇంట్లో దిగినా నెల తిరిగేసరికి పక్కింటివాళ్లు తలుపు కొట్టేవారు, ఆ మర్నాడు ఇంటాయన కొట్టేవాడు. ఇప్పుడున్న ఇంటాయన కూడా ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ఇల్లు దొరక్కపోతే డ్రమ్ములు అమ్మి ఏ దుకాణంలోనో లెక్కలు రాసుకోవాలి. ఆ పని ఆమె ఛస్తే చెయ్యదు. అందుకే ఈసారి అప్పో సప్పో చేసి సొంత ఇల్లే చూసుకుంటోంది.

ఇంతకాలంలో ఆమె వాయింపును ఒక్కసారి కూడా విసుక్కోనిది అత్తగారే. నూలు మిల్లులో యంత్రాల మధ్య పనిచేసి చేసి ఆవిడ చెవులు పూర్తిగా పోయాయి. పెళ్లిచూపుల్లో "అమ్మాయి డ్రమ్ములు వాయిస్తుందట" అని ఎవరో కాగితం మీద రాసి చూపిస్తే, "మంచిదే, నేనెలాగూ వినలేను, మా ఇంట్లో వాయించేదైనా ఉండనీ" అందట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని చుట్టాలు నవ్వారు. ఆ చుట్టాలకేం తెలుసు! కాపరానికొచ్చిన కొత్తలో కోడలు లోపలి గదిలో వాయిస్తుంటే, అత్తగారు ఇవతలి గదిలో గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. పాట అయ్యాక తలుపు తీసి, "మూడో దెబ్బ తొందరపడుతోంది" అంది. మిల్లులో ఏ యంత్రం లయ తప్పిందో చేత్తో తాకి చెప్పగలిగిన మనిషి మరి. గోడలకు చెవులుంటాయంటారు. ఆవిడకు గోడలే చెవులు. అప్పటినుంచీ ఆ చెయ్యి అవతల ఉందనుకుంటేనే కోడలికి వాయించినట్టుండేది.

మొత్తానికి తాళం తిరిగింది. కింద గుండ్రటి వంటగది. "ఈ గోడకు బీరువా ఆనించేదెలా?" అన్నాడు భర్త. "బీరువాను కూడా గుండ్రంగా చేయిద్దాం" అంది టీచరమ్మ. వంటగది మధ్యలోంచి ఇనుప మెట్లు మర చుట్లలా మధ్య గదిలోకి, అక్కణ్నుంచి పై గదిలోకి వెళ్లాయి. పై గదిలో చెక్క నేల, మూల ఎవరో వదిలేసిన ఖాళీ రంగు డబ్బాలు. టీచరమ్మ మూడు డబ్బాలు బోర్లించి, సంచిలోంచి డ్రమ్ము పుల్లలు తీసింది. ఆమె సంచిలో డబ్బులు లేకపోవచ్చు గానీ పుల్లలు లేని రోజు లేదు.

"అమ్మా, నువ్వు బయట పక్కింటి గోడ దగ్గర నిలబడు. వినిపిస్తే చెయ్యి ఊపు" అన్నాడు భర్త.

అత్తగారు వెళ్లింది. కోడలు ఉన్న బలమంతా పెట్టి బాదింది. అత్తగారు తిరిగొచ్చి, "చీమ చిటుక్కుమన్నా ఒట్టు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి భర్త నాలుక కరుచుకున్నాడు. పెదవులు చూసి ఎవరేమన్నా ఠక్కున జవాబు చెప్పే మనిషి కావడంతో, ఆవిడకు వినపడదన్న సంగతే ఇంట్లోవాళ్లకు గుర్తుండదు.

"నన్ను పంపినప్పుడే అనుకున్నా, మా వాడి తెలివి తెల్లారిందని" అంది అత్తగారు.

రెండోసారి బ్రోకరు వెళ్లాడు, కోడలు మళ్లీ బాదింది. తిరిగొచ్చేసరికి ఆయన మొహం మతాబాలా వెలిగిపోతోంది. "పక్కింటి పెద్దాయన వసారాలో కుర్చీలో నిద్రపోతున్నాడు మేడమ్. ఒళ్లో పిల్లి కూడా నిద్రే. దాని చెవైనా కదల్లేదు!"

గెలిచాననుకుంటూ టీచరమ్మ మధ్య గదిలోకి పరుగున దిగింది. అక్కడ అత్తగారు గోడకు అరచెయ్యి ఆనించి ఉంది. కోడల్ని చూడగానే చెయ్యి తీసేసి వెనక్కి పెట్టుకుంది.

"ఇల్లు బాగుంది. తీసుకోండి" అంది.

"ఏమైనా తెలిసిందా అత్తయ్యా?"

"చక్కటి ఇల్లు. గాలి కూడా బాగా..."

"తెలిసిందా లేదా?"

అత్తగారు తల అడ్డంగా ఊపింది. టీచరమ్మ తన అరచెయ్యి కూడా ఆ గోడకు ఆనించి చూసింది. పక్కింటి పిల్లిని నిద్ర లేపని గోడ అత్తయ్య చేతిని మాత్రం ఎందుకు తాకుతుంది?

"ఈ ఇల్లు వద్దండీ" అంది వెనకాలే దిగొచ్చిన బ్రోకరుతో.

"అదేంటి మేడమ్! ఇప్పుడే కదా..."

"నేను వాయించేది ఈవిడకు అందని ఇల్లు నాకెందుకు? ఇంకోటి చూపించండి."

"నీకేమన్నా పిచ్చా? చెవుల్లేనిదాని కోసం కొంప మానుకుంటావా?" అత్తగారు కసిరింది. కసురుతూనే కళ్లు తుడుచుకుంది. కోడలు వినిపించుకోకుండా పుల్లల కోసం పైకి వెళ్లింది. మిగతా ముగ్గురూ కిందికి దిగసాగారు.

పై గదిలో పుల్లలు చేతిలోకి తీసుకున్నాక ఆమెకు ఒళ్లు మండింది. ఇంత ఇల్లు కట్టినవాడికి కాస్త పల్చటి గోడ ఒక్కటి పెట్టాలని తోచలేదా? ఆ కోపమంతా డబ్బాల మీద తీర్చుకుంది. ఆపి లేవబోతుండగా, ఇనుప మెట్టు మీద ఆనించిన కాలికి ఏదో అదురు తగిలింది.

ఠంగ్. ఠంగ్. కాస్త ఆగి, ఠంగ్.

చప్పుడు చెవికి లీలగానే వచ్చింది. అరికాలికి మాత్రం స్పష్టంగా తెలిసింది. ఆమె ఒకటే దూకుడుగా వంటగది దాకా దిగింది. అక్కడ అత్తగారు ఎడమచెయ్యి మెట్ల ఇనుప కమ్మీ మీద ఆనించి, కుడిచేతిలో బ్రోకరు దగ్గర లాక్కున్న తాళాల గుత్తి పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్లు పట్టేశాయేమోనని కొడుకు ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"వదలరా, వింటున్నాను" అని కొడుకు చెయ్యి విదిలించి, ఆవిడ కోడలి వైపు తిరిగింది. "మూడో దెబ్బ ఇంకా తొందరపడుతూనే ఉంది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఇదిగో, ఇలా ఆగాలి." తాళాలతో కమ్మీ మీద మళ్లీ కొట్టి చూపించింది.

టీచరమ్మ ఆవిణ్ని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. బ్రోకరు కాసేపు ఓపిక పట్టి, తాళాల కోసం చెయ్యి చాపాడు.

అత్తగారు ఆ చేతిని చూసింది, గుత్తిని చూసింది, దాన్ని తన సంచిలో వేసుకుంది.

"మళ్లీ తాళాలతో మీకేం పని నాయనా?"